వాళ్ళ నాన్న అడగమన్న మాట

వ్యాపారం పెట్టాలన్న కోరిక చదువుకునే పిల్లల్లో ఎక్కడి నుంచి పుడుతుంది? ఈ ఒక్క ప్రశ్న అడిగించడానికి ప్రభుత్వం నాకు ఇరవై ఆరేళ్ళు జీతమిచ్చింది. జవాబు దొరికిందా అంటే, ఒకే ఒక్కసారి దొరికింది. దాన్ని ఏ కాగితం మీదా రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

మాది రైల్వే కుటుంబం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చి వర్క్‌షాపులో ఫిట్టరుగా స్థిరపడ్డారు. నేను శంకర్ నగర్‌లో ఒక శిక్షణ కేంద్రంలో ఆఫీసరుగా చేరాను. నౌకరీల కోసం తిరిగే చదువుకున్న పిల్లల్ని చిన్న పరిశ్రమల వైపు మళ్ళించడం మా పని. ఏటా కాలేజీలకు వెళ్ళి ఆఖరి సంవత్సరం వాళ్ళకు ఫారాలు పంచేవాళ్ళం. సొంతంగా ఏదైనా పెట్టాలని ఉందా, ఉంటే ఎవరిని చూసి ఆ ఆలోచన వచ్చింది, ఇంట్లో వాళ్ళు ఏమంటారు, దెబ్బతింటే ఏం చేస్తావు, ఇలాంటివి ఓ నలభై ప్రశ్నలుండేవి. జవాబులకు మార్కులు వేసి, మంచి మార్కులు వచ్చినవాళ్ళను ఇంటర్వ్యూకి పిలిచి, ఒక బ్యాచీని ఎంపిక చేసి ఆరు వారాల శిక్షణ ఇచ్చేవాళ్ళం. శిక్షణ అయ్యాక బ్యాంకుకీ కరెంటు ఆఫీసుకీ మా సిఫారసు వెళ్ళేది.

ఫారాల్లో తమాషాలకు కొదవ లేదు. "ఎందుకు వ్యాపారం?" అన్నదానికి సగం మంది "నౌకరీ దొరకలేదు కాబట్టి" అని నిజాయితీగా రాసేవారు. ఒక బట్టల వ్యాపారి కొడుకు, "ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగరు" అని రాశాడు. వాడికి పూర్తి మార్కులు వేశాం. మన తెలుగు రైల్వే పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గడులన్నీ ఖాళీ. నాకు ఆశ్చర్యం వేసేది కాదు. మా ఇంట్లోనూ నెల మొదటి తారీకు తప్ప వేరే పండగ ఉండేది కాదు.

అందుకే ఆ ఏడు ఒక తెలుగమ్మాయి ఫారం చూసి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఏర్పడలేదు, మాది ఇంకా మధ్యప్రదేశే. ఊరి బయట సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పొగగొట్టాలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులు. ఆ అమ్మాయి బి.కాం. ఆఖరి సంవత్సరం. రైసు మిల్లులకు కావలసిన జల్లెడలు తయారు చేస్తానని రాసింది. ఏ మందం రేకు, ఏ సైజు చిల్లు, ఏ రకం బియ్యానికి ఏ జల్లెడ, అన్నీ వివరంగా ఉన్నాయి. ఎవరిని చూసి ఆలోచన వచ్చిందన్న చోట, "మా నాన్న. ఆయనకు జల్లెడల పనే. రోజూ షెడ్డులో ఉంటారు" అని హిందీలో గుండ్రటి అక్షరాలతో రాసింది. ఇంటివాళ్ళ ప్రోత్సాహం గడిలో, "ప్రతి ఆదివారం నాన్న నాకు చెబుతారు" అని మొదలుపెట్టి, ఆయన చెప్పేవన్నీ వరసగా రాసింది.

ఇంటర్వ్యూకి మేం ముగ్గురం కూర్చునేవాళ్ళం. మా డైరెక్టరు సాబ్, యూనివర్సిటీ నుంచి వచ్చే మనస్తత్వశాస్త్రం మేడమ్, నేను. సన్నగా, నూనె రాసి బిగించి అల్లిన జడతో ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది. ఏ ప్రశ్న అడిగినా వెంటనే చెప్పేది కాదు. తల కొంచెం ఎడమవైపు వంచి, ఒక క్షణం ఆగి, అప్పుడు చెప్పేది. చెప్పింది మాత్రం తిరుగులేనిది.

"మిల్లువాడు నీ జల్లెడ తీసుకోను, కలకత్తా మాలే కావాలి అంటే?" అని సాబ్ అడిగారు.

తల వంచింది. ఆగింది. "ఒక సీజనుకి ఊరికే బిగించి పెడతాను సర్. నూక తక్కువ పడితే వాళ్ళే అడుగుతారు" అంది.

సాబ్ బల్ల మీద చరిచారు. మేడమ్ తన కాగితం మీద "ఆలోచించి మాట్లాడుతుంది" అని రాసుకున్నారు. ఆ తల వంచి ఆగడం నాకెందుకో నచ్చలేదు. ఆమె ఎడమవైపు గోడ తప్ప ఏమీ లేదు. అయినా అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వేశాను.

ఎంపికైనవాళ్ళ ఇంటికి వెళ్ళి వివరాలు సరిచూడటం నా వంతు. మే నెల. పదకొండు గంటలకే లూ అనే వడగాలి మొహాన్ని కాల్చేస్తోంది. రైల్వే లైను అవతల అద్దె ఇంట్లో వాళ్ళమ్మ ఒక్కతే ఉంది. నుదుట కాసంత బొట్టు, మెడలో పుస్తెలు. మంచినీళ్ళు ఇచ్చింది. మాట వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది.

"మీ ఆయనతో ఒకసారి మాట్లాడాలమ్మా. షెడ్డులో ఉన్నారా?" అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టింది.

"ఆయన అవుపడక పదకొండేళ్ళయింది బాబూ."

ఆమే చెప్పుకొచ్చింది. ఆయన రైల్వేలో పని మానేసి ధర్సీవా దారిలో షెడ్డు వేసుకున్నాడు. రెండేళ్ళు నడిచింది. తర్వాత మిల్లులవాళ్ళు ఒక్కొక్కరే ఆర్డర్లు మానేశారు. ఒక రోజు మధ్యాహ్నం పక్క షెడ్డు వాళ్ళు చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. టిఫిను డబ్బా విప్పి ఉంది, సగం తిన్నాడు. సైకిలు బయటే ఉంది. చెప్పులు మిషను పక్కన విడిచి ఉన్నాయి. మనిషి లేడు. పోలీసులు చుట్టుపక్కల బావులన్నీ వెతికారు. స్టేషన్లలో ఫొటో అంటించారు. చెప్పులు లేకుండా ఆ ఎండలో మనిషి ఎంత దూరం పోతాడు? ఎవరికీ అంతుబట్టలేదు.

"మరి మీ అమ్మాయి, నాన్న రోజూ షెడ్డులో ఉంటారని రాసిందమ్మా" అన్నాను.

"అది అబద్ధం ఆడదు బాబూ" అంది ఆమె నెమ్మదిగా. "దానికి ఇనపడతాది. నాకు ఇనపడదు. ఎన్నిసార్లు ఎల్లి కూకున్నానో. ఎందుకో నాతో మాటాడడు."

చెంబులో మిగిలిన నీళ్ళు తొట్టిలో పోసి, "ఇయాల ఇత్‌వారే కదా. పిల్ల అక్కడే ఉంటాది. ఎల్లి సూడండి" అంది. ఆదివారాన్ని ఇక్కడి తెలుగువాళ్ళం ఇత్‌వారనే అంటాం.

వెళ్ళకుండా తిరిగి వచ్చేయవలసింది. "తండ్రి లేడు, తప్పు సమాచారం" అని రాస్తే ఫైలు మూసుకుపోయేది. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. స్కూటరు ధర్సీవా దారి పట్టింది.

అది పాత ఇండస్ట్రియల్ ఎస్టేటు. పది పదిహేను షెడ్లుంటే సగం మూతపడ్డాయి. సిల్తారా వైపు నుంచి వచ్చే నల్లటి నుసి అన్నిటి మీదా పరుచుకుని ఉంది. గోడలు, గడ్డి, ఆఖరికి మేకలు కూడా నల్లగా ఉన్నాయి. చివరి షెడ్డు తలుపు సగం తెరిచి ఉంది. గుమ్మం దగ్గర నిలబడితే కొత్త నూనె వాసన కొట్టింది.

లోపల నేల తుడిచి ఉంది. మధ్యలో చిల్లులు కొట్టే పెద్ద ప్రెస్సు. దాని చక్రం అద్దంలా మెరుస్తోంది. కరెంటు తీసేసి పదేళ్ళయినా, నిన్న సాయంత్రం ఆపి ఇంటికి వెళ్ళినట్టుంది ఆ మిషను. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని, రేకులో చిల్లు పొడిచే ఉక్కు పంచుల్ని గుడ్డముక్కతో తుడుస్తోంది. నన్ను చూసి లేచింది. ఆశ్చర్యపోలేదు.

"రండి సార్. వస్తారని చెప్పారు."

ఎవరు చెప్పారని అడగలేదు. పక్కన ఇనుప కుర్చీ ఉంటే కూర్చోబోయాను.

"అది వద్దు సార్. ఇటు కూర్చోండి" అని తన స్టూలు జరిపింది.

కుర్చీ ముందు బల్ల మీద స్టీలు గ్లాసులో టీ ఉంది. ఆమె చేతిలో ఇంకో గ్లాసు. పైకప్పు రేకులు ఎండకి టక్కు టక్కుమంటున్నాయి. బయట అంత గాలి వీస్తుంటే లోపల కాగితం ముక్క కూడా కదలడం లేదు.

చూపు మళ్ళించుకుందామని గోడవైపు తిరిగాను. అక్కడ ఒక ఫ్రేము వేలాడుతోంది. అద్దానికి పసుపు, కుంకుమ బొట్లు. దేవుడి పటమేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను. మా శిక్షణ కేంద్రం సర్టిఫికెట్టు అది. అడుగున కుడిపక్క సంతకం నాది.

ఫారంలో చూసినప్పుడు తట్టని పేరు అక్కడ చదవగానే, ఒక్కసారిగా ఆ పిల్ల తండ్రి గుర్తొచ్చాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పనిలో ఉన్నవాళ్ళ కోసం సాయంత్రపు తరగతులు పెట్టేవాళ్ళం. ఈయన నూనె మరకల చొక్కాతో వచ్చి ఎప్పుడూ మూడో వరసలో కూర్చునేవాడు. ఆఖరి రోజు సర్టిఫికెట్లు ఇచ్చి, సమోసాలు పంచాక, నేను ఒక్కడినే వరండాలో ఉన్నప్పుడు దగ్గరకొచ్చాడు.

"సార్, రాజీనామా రాసేసి జేబులో ఎట్టుకున్నాను. ఇయ్యడానికి చెయ్యి రావట్లేదు. మీరే అయితే నౌకరీ వదిలేద్దురా?" అని అడిగాడు.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. నా పాఠాలు నాకే తెగ నచ్చుతున్న రోజులు. భుజం తట్టి, "నేనూ ఇంకో రెండేళ్ళే. వదిలేసి సొంతంగా పెట్టేస్తాను. మీరు నాకంటే ముందున్నారు, అంతే" అన్నాను. ఆ ఆలోచన అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ నా బుర్రలో ఎన్నడూ లేదు. మనిషికి కాస్త ధైర్యం చెబుదామని నోటికొచ్చింది అనేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నేను రెండో సమోసా తీసుకున్నాను.

గోడ దగ్గర నిలబడి ఇదంతా తలుచుకుంటుంటే వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"సార్, మిమ్మల్ని ఒకటి అడగమన్నారు నాన్న."

నేను తిరిగి చూశాను. ఆమె తల ఎడమవైపు వంచి ఉంది. ఇనుప కుర్చీ అటే ఉంది.

"మొన్న ఇత్‌వార్ అడగమన్నారు. నేనే మర్చిపోయాను. మీరు నౌకరీ వదిలేశారా అని."

ఆ మాట వరండాలో మా ఇద్దరి మధ్య జరిగింది. ఆయన ఇంటికెళ్ళి కూతురితో చెప్పి ఉండవచ్చు. అప్పుడామెకు ఏడో ఎనిమిదో ఏళ్ళుంటాయి, గుర్తుండీ ఉండవచ్చు. నేను నాకు చెప్పుకున్న కారణం అదే, ఇప్పటికీ చెప్పుకుంటాను. కానీ ఆ క్షణాన నాకు తెలియకుండానే ఇనుప కుర్చీ వైపు తిరిగి నిలబడ్డానని మాత్రం గుర్తుంది.

"లేదమ్మా. వదల్లేదు" అన్నాను.

ఆమె కుర్చీ వైపు తిరిగి, ఇంట్లో పెద్దవాళ్ళకి కాస్త గట్టిగా చెప్పినట్టు, "వదల్లేదంట నాన్నా" అంది.

కొంచెంసేపు విన్నది. చిన్నగా నవ్వింది.

"పర్వాలేదులే అంటున్నారు. ఆయనకి తెలుసంట."

స్కూటరు ఎలా తీశానో తెలియదు. రోడ్డు మీదకు వచ్చాక చూసుకుంటే ఎండకని పెట్టుకెళ్ళిన టోపీ షెడ్డులోనే ఉండిపోయింది. దానికోసం వెనక్కి వెళ్ళలేదు.

మర్నాడు ఆఫీసుకెళ్ళి ఆమె ఇంటి విచారణ రిపోర్టులో "తగదు" అని రాశాను. పిల్లకు బాగా లేదు, అలాంటి మనిషికి మిషను అప్పజెప్పడం ప్రమాదం, ఇదీ నేను అనుకున్న కారణం. అసలు కారణం వేరు. ఆమె శిక్షణకు వస్తే ఆరు వారాలు నా ఎదురుగా కూర్చుంటుంది. ఏదో ఒక రోజు మళ్ళీ తల వంచి, వాళ్ళ నాన్న ఇంకేదో అడగమన్నారని అంటుంది.

సంతకం చేయబోతూ చేయలేక, మేడమ్ దగ్గరికి వెళ్ళి షెడ్డులో చూసిందంతా చెప్పాను. వరండా సంగతి మాత్రం చెప్పలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"ఆ తండ్రి ఏం చెబుతున్నాడట?" అని అడిగారు.

"మిషనుకి నూనె పెట్టమని, డిగ్రీ పూర్తి చేయమని, పంచు కింద చెయ్యి పెట్టొద్దని. ఫారంలోనే రాసింది. ఇంటర్వ్యూలో చెప్పినవీ ఆయన మాటలే అయ్యుంటాయి."

"మా నాన్న బతికుండి కూడా నాకు ఇన్ని మంచి మాటలు చెప్పలేదు" అన్నారు మేడమ్. నవ్వలేదు. "చూడండి, ఆమె డాక్టరుకి కనబడాలి. ఆ సంగతి నేను చూసుకుంటాను. కానీ మనం ఏటా పిల్లలకి మార్కులు వేస్తున్నామే, బట్టల కొట్టువాడి కొడుక్కి వాళ్ళ తాత మాట చెవిలో వినపడటం లేదంటారా? రైల్వే పిల్లలకి వాళ్ళ నాన్నల భయం వినపడటం లేదంటారా? ఈమెకు వినపడేది కాస్త గట్టిగా ఉంది. అంతే తేడా."

ఆ మాటతో నా సీటుకి వచ్చి ఆ రిపోర్టు చింపేశాను. కొత్తది రాశాను. సాబ్ దగ్గరికి తీసుకెళితే ఆయన ఫైలు పూర్తిగా చూడకుండానే, "బాప్ సాథ్ దే రహా హై? పూరా నంబర్ దో" అన్నారు. తండ్రి తోడున్నాడుగా, పూర్తి మార్కులు వెయ్యమని. అలాగే వేశాను. మా రికార్డుల్లో ఆమె తండ్రి ఇప్పటికీ తోడుగానే ఉన్నాడు.

ఆ తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆమె శిక్షణకు వచ్చింది. ఒక్క రోజు మానలేదు. నా తరగతిలో నేను గొంతెత్తి ధైర్యవచనాలు పలికే చోట్ల నోరు మెదపక ముందుకు పోవడం అప్పుడే నేర్చుకున్నాను. మేడమ్ ఆమెను వారం వారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవారు. డాక్టరు ఇచ్చిన మాత్రలు బుద్ధిగా వేసుకుంది. వాటివల్ల నిద్ర వస్తోంది తప్ప నాన్న మాట ఆగలేదని మేడమ్‌తో చెప్పిందట. ధర్సీవాలో మిల్లులన్నీ తిరిగి, ఇద్దరు యజమానుల్ని ఒప్పించింది. ఈనాటికీ ఆ పని నడుస్తోంది. సిల్తారాలో పెద్ద షెడ్డులోకి మారింది, పాతికమంది పనివాళ్ళున్నారు. ఇవన్నీ మీకు ముందే చెప్పడం ఎందుకంటే, కరెంటు వచ్చిన రోజు గురించి చెప్పాక ఇంకేమీ చెప్పాలనిపించదు.

వానలు వెనకబట్టాక పాత షెడ్డుకి కరెంటు కనెక్షను ఇచ్చారు. రమ్మని ఆ అమ్మాయి కబురు పెట్టింది. కారణాలు వెతుక్కున్నాను, ఒక్కటీ దొరకలేదు. పొద్దున్న పది గంటలకు వెళ్ళాను. వాళ్ళమ్మ మిషనుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. కొత్తగా పెట్టుకున్న ఆపరేటరు, నడివయసు ఛత్తీస్‌గఢీ మనిషి, రేకు అమర్చి పక్కకి నిలబడ్డాడు. ఇనుప కుర్చీ, దాని ముందు బల్ల మీద టీ గ్లాసు అప్పటిలాగే ఉన్నాయి.

ఆ అమ్మాయి స్విచ్చు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

"ఏటే? నొక్కు" అంది వాళ్ళమ్మ.

ఆమె నా వైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"సార్, ఈ మిషను ఆన్ అయితే చాలా ఆవాజ్ వస్తాది కదా. అందులో నాన్న మాట వినపడదు. ఇందాక చెప్పారు. ఒకసారి మొదలెడితే మళ్ళీ వినపడకపోవచ్చు అన్నారు."

ఆపరేటరుకి తెలుగు రాదు. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనేం చెప్పగలను? ఆ ఇంటికి నేను చెప్పిన ఒక్క మాట ఏం చేసిందో చూస్తూనే ఉన్నాను.

"నొక్కమన్నారా, వద్దన్నారా?" అని అడిగింది వాళ్ళమ్మ. పదకొండేళ్ళలో భర్త మాట ఆమె నేరుగా అడగడం అదే మొదటిసారి అనుకుంటాను.

"నొక్కమనే అన్నారమ్మా."

నొక్కింది. చక్రం తిరిగింది. ధన్ ధన్‌మని ప్రెస్సు మొదలైంది. నేల అదిరింది, కప్పు రేకులు అదిరాయి, బల్ల మీది గ్లాసు జరుగుతూ జరుగుతూ అంచుకి వస్తే వాళ్ళమ్మ పట్టుకుంది. చిల్లుల రేకు అవతలి వైపు నుంచి మెల్లగా బయటికి రావడం చూస్తూ ఆ అమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా నిలబడింది.

గంట తర్వాత టీ కోసం ఆపారు. చక్రం నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. అంత చప్పుడు తర్వాత వచ్చిన నిశ్శబ్దం చెవుల్లో బరువుగా దిగింది. ఆపరేటరు బీడీకి బయటికి వెళ్ళాడు. ఆ అమ్మాయి తల ఎడమవైపు వంచింది. చాలాసేపు విన్నది.

చివరికి తల సరిచేసుకుని, "లేరు" అంది.

వాళ్ళమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. ఇద్దరూ గుమ్మంలో వెలుగులోకి వెళ్ళి నిలబడ్డారు. నేను మిషను పక్కన, నా టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఒక్కణ్ణీ మిగిలాను.

అప్పుడు నా ఎడమ చెవి దగ్గర, ఆనాడు వరండాలో విన్న గొంతు, మర్యాదగా, "సార్" అంది.

అంతే. ఒక్క మాట. తిరిగి చూడలేదు. ఆ తర్వాత ఏమంటుందోనని గ్లాసులోకే చూస్తూ నిలబడ్డాను. ఆపరేటరు లోపలికి వచ్చి, చేతులు తుడుచుకుని, "సాబ్, థోడా హటో" అంటూ నన్ను పక్కకి జరిపాడు.

"మిషను చాలూ చెయ్" అని, మొదలెట్టమని వేడుకున్నాను. "జల్దీ చాలూ చెయ్."

నేను తెలుగు కలిపి మాట్లాడానని వాడు నవ్వి, స్విచ్చు నొక్కాడు.